కంబం ఎక్కేవాడి పేరు

కుందుర్పి మండలం
12 జూన్ 2002

పుష్పక్కకు,

ఇక్కడ అందరం బాగున్నామని రాస్తే అబద్ధం. బాగాలేమని రాస్తే నువ్వు పాఠాలు వదిలేసి బస్సెక్కుతావు. కాబట్టి రెంటికీ మధ్యలో ఉన్నామనుకో. మృగశిర కార్తె వచ్చింది, వాన మాత్రం రాలేదు. నాయన రోజూ పొద్దున్నే లేచి ఆకాశాన్ని చూసి దాన్నేదో తిట్టి, తర్వాత నన్ను తిడుతున్నాడు. అమ్మ మోకాలి నొప్పికి నువ్వు పంపిన తైలం అయిపోయింది. ఇంకో సీసా పంపు.

మాట్లాడినట్టే రాస్తే ఎర్ర ఇంకుతో దిద్ది తిరిగి పంపుతావని, నువ్వు చెప్పినట్టే పుస్తకాల భాషలో రాస్తున్నాను. తప్పులుంటే ఈసారికి వదిలెయ్యి.

నా పని సంగతి నీకు తెలుసు. లైన్‌మన్ దివాకర్ కళ్యాణదుర్గంలో కాపురం. బీపీ ఉంది, పొట్ట ఉంది, కరెంటు కంబం ఎక్కితే కళ్లు తిరుగుతాయంటాడు. అందుకని మా నాలుగు ఊళ్లలో ఏ కంబం ఎక్కాలన్నా ఆయన బదులు నేనే ఎక్కుతున్నాను. ఐటీఐ సగంలో వదిలేసినా ఆ సగం చదువు ఇట్లా పనికొస్తోంది. జీతం పడినప్పుడు ఆయన జేబులోంచి నాకింత ఇస్తాడు.

పోయిన వారం కొత్తగా వచ్చిన ఏఈ, అదే కరెంటాఫీసు ఇంజనీరు, జీపులో వచ్చాడు. నేను పైన ఉన్నాను, దివాకర్ కింద నీడలో ఉన్నాడు. ఏఈ తలెత్తి నన్ను చూసి, దివాకర్‌ని ఇంగ్లీషులో ‘హూ ఈజ్ ఫిల్లింగ్ ఇన్ ఫర్ యూ?’ అన్నాడు. దివాకర్ నవ్వి ఏదో అన్నాడు, పైనున్న నాకు వినబడలేదు. ఏఈ కూడా ఇంకేమీ అడక్కుండా జీపెక్కి పోయాడు. ఆ మాట మరిచిపోకుండా దారంతా అనుకుంటూ ఇంటికొచ్చాను. ఫిల్లింగ్ అంటే నింపడమని తెలుసు. ఆయన ఎవరిలో ఏం నింపమన్నట్టు? ఇక్కడ ఎవరినడిగినా నవ్వుతారు. నువ్వే చెప్పాలి.

నీ తమ్ముడు
తిప్పేష్


అనంతపురం
20 జూన్ 2002

తిప్పేషూ,

తైలం సీసా బస్సు కండక్టరు చేతికిచ్చాను. తాగేస్తాడేమోనని మీద ‘విషం’ అని రాశాను, అమ్మను భయపడొద్దను.

నీ ఇంగ్లీషు చూసి ముచ్చటేసింది. ఒక్క ముక్క పోకుండా పట్టుకున్నావు. ‘ఫిల్ ఇన్ ఫర్’ అంటే ఒకరు చేయాల్సిన పనిని వాళ్లు లేనప్పుడు వాళ్ల బదులు ఇంకొకరు చేయడం. ఖాళీ అయిన చోటును మనిషితో నింపడమన్నమాట. దీనికి చుట్టాలు చాలామంది ఉన్నారు. ‘స్టాండ్ ఇన్ ఫర్’ అన్నా దాదాపు అదే, కాస్త మర్యాదగా ఉంటుంది. మంత్రి రాలేదని కలెక్టరు దీపం వెలిగిస్తే ఆ మాట వాడొచ్చు. ‘కవర్ ఫర్’ అంటే బదులు చేయడమూ అవుతుంది, అసలు మనిషి లేడన్న సంగతి పైవాళ్లకు తెలియకుండా చూడడమూ అవుతుంది. ‘టేక్ ఓవర్’ అంటే పని పూర్తిగా మన చేతికి రావడం, ఇక తిరిగి ఇవ్వక్కర్లేదు. మనకు ఇన్ని మాటలెందుకు? ‘బదులు’ ఒక్కటుంటే పనంతా జరిగిపోతుంది.

నేను ఈ బడిలో చేస్తున్నది కూడా ఫిల్లింగ్ ఇన్నే. ఆశ్రిత టీచరు కాన్పుకు పోయింది, ఆమె బదులు నేను ఇంగ్లీషు చెబుతున్నాను. టైంటేబుల్ మీద ఇంకా ఆమె పేరే ఉంది. పిల్లలు మరిచిపోయి నన్ను ఆశ్రిత మిస్ అని పిలిస్తే పలుకుతున్నాను కూడా. అయినా ఏం, హెడ్మాస్టరు నా పాఠం తలుపు దగ్గర నిలబడి విని వెళ్లాడు. ఆమె ఇంకో ఏడాది రాకపోతే ఆ చోటు నాదే.

నీదీ అంతే. అంత పెద్ద ఇంజనీరు నిన్ను చూసి ‘నీ బదులు చేస్తున్నదెవరు’ అని అడిగాడంటే నువ్వు ఆయన కంట్లో పడ్డట్టే. ఇట్లా బదులు చేసినవాళ్లనే రేపు ఖాళీ వస్తే తీసుకుంటారు. కాబట్టి శ్రద్ధగా చెయ్యి. చేతులకు రబ్బరు గ్లౌజులు అడుగు. సిగ్గుపడకు.

అక్క
పుష్పావతి


కుందుర్పి మండలం
8 జూలై 2002

పుష్పక్కకు,

‘విషం’ అని చూసి అమ్మ సీసాను గోడవతల పారేసింది. నాయన వెతికి తెచ్చాడు. మూత పగల్లేదు, నీ అదృష్టం.

నువ్వు రాసిన అర్థం నాయనకు చదివి వినిపించాను. అదే తప్పయింది. మరుసటిరోజుకల్లా నాయన రచ్చకట్ట మీద కూర్చుని, మావాడిని ఇంజనీరు దొర గుర్తుపట్టినాడు, ఖాళీ వస్తానే ఉద్యోగం, అని ఊరంతా చెప్పాడు. అది దివాకర్ చెవిలో పడింది. ఆయన వచ్చి నన్ను పక్కకు పిలిచి, “ఏమప్పా, నా కుర్చీకే ఎసరు పెడ్తాండావా? ఆ పొద్దు ఏఈ అడిగితే నేనేం చెప్పినానో తెల్సా? ఎవురో ఊరోడు సార్, సరదాకెక్కినాడు అని చెప్పినా” అన్నాడు. తర్వాత నవ్వాడనుకో. గ్లౌజుల మాట ఎత్తితే ఆఫీసులో రాలేదన్నాడు.

వాన లేదు. బోర్లున్నవాళ్లే శెనక్కాయ విత్తారు. అందరి మోటర్లూ ఒకేసారి తిరగడంతో ఫ్యూజులు, కంబం మీద తీగకూ తీగకూ కలిపే జంపర్లు రోజూ పోతున్నాయి. నేను నేల మీద కంటే కంబాల మీదే ఎక్కువ ఉంటున్నాను. ఆదెన్న నాకు తోడు వస్తున్నాడు. మన చిన్నాయన కొడుకు ఆదెన్నే. ఆయన చేను లైను చివర ఉంది. ఎక్కడ తెగినా ముందు ఆగేది ఆయన మోటరే. కింద నిలబడి తాడు అందిస్తాడు, నేను చేసేదంతా కళ్లార్పకుండా చూస్తాడు. ఒకటి రెండుసార్లు చిన్న పనులకు తనే ఎక్కాడు కూడా.

పని ఎట్లా జరుగుతుందో నీకెప్పుడూ రాయలేదు కదా. దివాకర్ పొద్దున్నే రోడ్డు మీది సబ్‌స్టేషన్‌కు వచ్చి కూర్చుంటాడు. తన పేరు మీద లైన్ క్లియర్ తీసుకుంటాడు. దాన్నే ఎల్సీ అంటారు. అంటే ‘నేను కంబం ఎక్కుతున్నాను, నేను చెప్పేదాకా కరెంటు వదలొద్దు’ అని రాసివ్వడం. ఎక్కేది నేను, రాసేది ఆయన. పని అయిందని ఆయనకు చెప్పడానికి ఊళ్లో ఫోను లేదు. అందుకని ఒక ఏర్పాటు చేసుకున్నాం. నేను దిగి సైకిల్ మీద రోడ్డు దాకా వెళ్తాను. దూరం నుంచి నా మొహం కనబడగానే దివాకర్ చెయ్యెత్తుతాడు, నేనూ ఎత్తుతాను. ఆయన కరెంటు వదలమని చెప్పేస్తాడు. నేను తిరిగి వచ్చేసరికి నీళ్లు పారుతుంటాయి. ఏమంటావు, నీ తమ్ముడి మొహానికి ఇంత పవర్ ఉందని నువ్వెప్పుడైనా అనుకున్నావా?

తిప్పేష్


అనంతపురం
17 జూలై 2002

తిప్పేషూ,

నాకు నవ్వు రాలేదు. నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి అన్నం సయించడం లేదు.

మా బడిలో సైన్సు చెప్పే సుబ్బలక్ష్మమ్మ టీచరుకు నీ ఏర్పాటు చెప్పాను. ఆమె భర్త కరెంటాఫీసులోనే చేసి రిటైరయ్యాడు. ఆమె చేతిలో చాక్‌పీసు అట్లాగే పట్టుకుని, “మీ తమ్ముడు చేసేది పని కాదమ్మా. ఎల్సీ ఎవరు తీసుకుంటే వాళ్లే ఎక్కాలి, వాళ్లే దిగి రాసివ్వాలి. రెండు వైపులా తీగలన్నిటికీ గొలుసు వేసి భూమికి కట్టకుండా ఎక్కనే కూడదు” అంది. గొలుసు వేస్తున్నావా? వేస్తుంటే రాసేవాడివి. వేయడంలేదని నాకు అర్థమైంది.

బాగా చెయ్యి, కంట్లో పడతావు అని రాసింది నేనే. ఆ ఉత్తరం చించెయ్యి. అక్కడ నువ్వు ఎవరో ఊరోడివి, సరదాకు ఎక్కినవాడివి. రేపు నీకేమన్నా అయితే దివాకర్ మళ్లీ అదే మాట చెబుతాడు.

ఇప్పుడు నేను చెప్పేది విను. మా హెడ్మాస్టరు బావమరిదికి ఇక్కడ నూనె మిల్లు ఉంది. మోటర్లు చూసుకునే మనిషి కావాలట. సగం ఐటీఐ అయినా ఫరవాలేదన్నాడు. హాజరు పట్టీలో నీ పేరే ఉంటుంది. ఆగస్టు ఐదు, సోమవారం, పొద్దున పదకొండు లోపల రమ్మన్నాడు. ఆ ఒక్కరోజు నువ్వు లేకపోతే కుందుర్పి మండలం చీకటైపోదు. నీ బదులు ఇంకెవరినైనా చూసుకోమను. నువ్వు రావాల్సిందే. రాకపోతే నేను నీతో మాట్లాడను, ఇది ఒట్టు.

పుష్ప


కుందుర్పి మండలం
26 జూలై 2002

పుష్పక్కకు,

ఒట్టు తీసి గట్టు మీద పెట్టు. వస్తున్నాను.

ముందు రాకూడదనే అనుకున్నాను. శెనక్కాయ ఊడలు దిగే సమయం. ఇప్పుడు రెండు రోజులు నీళ్లు తప్పితే పంట గొడ్ల మేతకే. ఊళ్లో ఎవరి చేను దగ్గరికి పోయినా నా మొహమే చూస్తున్నారు. ఒక్కరోజు సెలవు కావాలని దివాకర్‌ని అడిగాను. “నీకు లీవేందప్పా? నువ్వేమన్నా ఉద్యోగంలో ఉండావా?” అన్నాడు. అట్లా అన్నాక నాకు రోషం వచ్చింది.

ఆదెన్నకు చెప్పాను. మిల్లు సంగతి విని ఆయన నాకంటే ఎక్కువ సంబరపడ్డాడు. “పొయ్యి రాప్పా. ఆ పొద్దు ఏమన్నా తెగితే నేనెక్కుతా. ఎన్ని తూర్లు చూసినా నిన్ను?” అన్నాడు. నల్లమ్మ వదిన పక్కనే పిల్లకు జడ వేస్తోంది. దువ్వెన విసిరేసి, “వాడంటే పెండ్లి కానోడు. నీకేమొచ్చింది కంబాలెక్కను?” అని అరిచింది. ఆదెన్న నవ్వి, “మన చేనే గదమ్మే ఎండేది” అన్నాడు. వదిన నాతో మాట్లాడకుండా లోపలికి పోయింది.

దివాకర్‌కి ఈ ఏర్పాటు చెప్పలేదు. చెబితే ఒప్పుకోడు, పైగా మిల్లు సంగతి తెలిస్తే అడ్డం పడతాడు. ఆదివారం నాడు లైనంతా ఒకసారి చూసి వదులైనవన్నీ గట్టి చేసి వస్తాను. సోమవారం ఏమీ తెగదులే. అమ్మ నీకు కొర్రబియ్యం పంపుతోంది. నాయన చొక్కా వేసుకుని వస్తాను, నా చొక్కాలన్నిటికీ కంబం మరకలే.

తిప్పేష్


అనంతపురం
7 ఆగస్టు 2002

తిప్పేష్‌కు,

నువ్వు రాలేదు.

సోమవారం పొద్దున్నుంచి బస్టాండులో కూర్చున్నాను. కళ్యాణదుర్గం బస్సు వచ్చినప్పుడల్లా లేచి నిలబడ్డాను. బడికి సెలవు పెట్టాను. ఇక్కడ నా సెలవంటే ఆ రోజు జీతం లేనట్టే, అది వేరే సంగతి. చివరికి ఒక్కదాన్నే మిల్లుకు పోయి, మా తమ్ముడికి జ్వరమండీ అని చెప్పాను. నీ కోసం అబద్ధం ఆడాను. ఆయన నమ్మాడో లేదో తెలియదు, ఇంకో మనిషిని చూసుకుంటానన్నాడు.

ఎందుకు రాలేదో నాకు తెలుసు. ఊరంతా నీ మొహం చూస్తుంటే నీకు బాగుంటుంది. కింద అందరూ తలెత్తి నిలబడతారు, పైన నువ్వొక్కడివే. దాన్ని వదిలిపెట్టి నూనె మిల్లులో జిడ్డు తుడుచుకోవడం ఎందుకనుకున్నావు. ఏదో తెగి ఉంటుంది, ‘నేను లేకపోతే ఎట్లా’ అని ఎక్కి ఉంటావు. ఎక్కు. నేనెవరిని చెప్పడానికి?

ఇంకో శుభవార్త. ఆశ్రిత టీచరు వచ్చే నెల మొదటికి తిరిగి వస్తోంది. హెడ్మాస్టరు నాకు థాంక్స్ చెప్పాడు. అంతే.

కొర్రబియ్యం కూడా రాలేదు. అమ్మకు చెప్పు.

పుష్పావతి


కుందుర్పి మండలం
14 ఆగస్టు 2002

అక్కా,

ఆదెన్న పోయాడు.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. సోమవారం పొద్దున కొర్రబియ్యం మూట తీసుకుని చేల మధ్య అడ్డదారిన రోడ్డుకు నడిచాను. నేను పోయాక పాల వ్యాను వాడు ఊళ్లోకి వచ్చాడు. కొండ దగ్గరి కంబం మీద జంపర్ తెగింది, దివాకర్ ఎల్సీ తీసుకుని కూర్చున్నాడు, తిప్పేష్‌ని ఎక్కమన్నాడు అని చెప్పాడు. నేను లేను కదా. ఆదెన్న తాడు తీసుకుని పోయాడు.

ఇవేవీ నాకు తెలియవు. నేను బస్సు కోసం నిలబడిన చోటు సబ్‌స్టేషన్‌కు ఎదురుగానే. అక్కడే బస్సు ఆగుతుంది. దివాకర్ వరండాలోంచి నన్ను చూశాడు. చెయ్యెత్తాడు. మామూలుగా పలకరిస్తున్నాడనుకున్నాను. ఎక్కడికి పోతున్నావని అడుగుతాడేమోనని భయపడి, అడగకముందే నేనూ చెయ్యెత్తాను. వెంటనే బస్సు వచ్చింది, ఎక్కేశాను.

కొంచెం దూరం పోయాక రోడ్డు పక్క చేలల్లో మోటర్లు వాటంతటవే అందుకున్నాయి. పైపుల్లోంచి నీళ్లు దూకాయి. కరెంటు వచ్చిందిలే అని సంతోషపడ్డాను అక్కా. కిటికీ పక్కన కూర్చుని, ఈ రోజు ఏ గొడవా లేదులే అనుకున్నాను. కళ్యాణదుర్గం బస్టాండులో అనంతపురం బస్సు కోసం చూస్తుంటే మన ఊరివాళ్లు వెతుక్కుంటూ వచ్చి చెప్పారు. నేను పోయేసరికి ఆయన ఇంకా పైనే ఉన్నాడు. నడుముకు తాడు కట్టుకున్నాడు కదా, అది పట్టి ఉంచింది. దించడానికి ఎవరూ ఎక్కలేదు. నేనే ఎక్కి దించాను.

దివాకర్ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. “నువ్వు రోడ్డు మీద కనపడ్తివి గదప్పా, చెయ్యెత్తితివి గదా” అని అదే మాట. నేను కింద ఉంటే పైన ఎవరుంటారు? ఆయన లెక్కలో పైన ఎవరూ లేరు. కానీ సాయంత్రానికి తేరుకున్నాడు. ఆఫీసు వాళ్లు రాకముందే నలుగురితో ఆదెన్నను ఆయన చేలోకి మోయించి, మోటరు స్టార్టర్ పక్కన పడుకోబెట్టించాడు. నాయన కూడా ఒక చెయ్యి వేశాడు.

దివాకర్ నాతో ఏమన్నాడో రాస్తాను. “చూడప్పా, రాసిండేదాని పకారం కంబం మీదుండేది నేను. నేను బతికే ఉండా. ఇంగ కంబం మీద సచ్చిందెవురు? ఎవురూ లేరు. వాడు వాని స్టార్టర్ పట్టుకొని పోయినాడు. నువ్వు నోరు మూసుకుంటే కాంట్రాక్టు మనుషుల్లో నీ పేరు నేను చేర్పిస్తా.” స్టార్టర్ పట్టుకుని పోయాడంటే తప్పు ఆయనదే అవుతుంది, వదినకు పరిహారం ఏమీ రాదు. నాయన చెప్పొద్దంటున్నాడు. వదిన ఇంకా నన్ను ఏమీ అడగలేదు. విచారణకు ఇరవై రెండో తేదీన పెద్ద ఇంజనీరు వస్తున్నాడు.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. నువ్వు తిట్టింది సరిపోలేదు.

తిప్పేష్


అనంతపురం
17 ఆగస్టు 2002

తమ్ముడూ,

ఇది కండక్టరు చేతికే ఇచ్చి పంపుతున్నాను, పోస్టు ఆలస్యమవుతుందని.

నీ బదులు ఇంకెవరినైనా చూసుకోమను అని రాసింది నేను. నా చేత్తో రాశాను. ఆ ఇంకెవరైనా ఒక మనిషేనని, అతనికి ఒక పెళ్లాం, ఒక పిల్ల ఉంటారని నాకు తోచనే లేదు. నిన్ను దింపాలనుకున్నాను. నువ్వు దిగితే ఇంకొకరు ఎక్కుతారని ఆలోచించలేదు. ఇది నీ ఒక్కడి మీద వేసుకోకు.

చెప్పు. నాయన మాట వినకు. ఆదెన్న కంబం మీదే పోయాడని, నా బదులు ఎక్కాడని, నేను దివాకర్ బదులు ఎక్కేవాణ్ణని, మూడు ముక్కలూ చెప్పు. జైల్లో పెడితే పెట్టనీ. ఆ తర్వాత కంబం మీద చెయ్యి వేయకు. అనంతపురం వచ్చెయ్యి. ఇద్దరం ఏదో ఒకటి చేసుకుని బతుకుదాం. నాకు ఇంకేమీ వద్దు, నువ్వు నేల మీద ఉంటే చాలు.

అక్క


కుందుర్పి మండలం
2 సెప్టెంబర్ 2002

అక్కా,

చెప్పాను. నీ ఉత్తరం విచారణకు ముందే అందింది. అది లేకపోయినా చెప్పేవాడినేమో, తెలియదు.

సబ్‌స్టేషన్ వరండాలో బల్ల వేసుకుని పెద్ద ఇంజనీరు, పక్కన మన ఏఈ కూర్చున్నారు. ఊరు ఊరంతా వచ్చింది. నువ్వు రాసిన మూడు ముక్కలూ చెప్పాను. ఏఈ తల ఎత్తలేదు. పెద్ద ఇంజనీరు పెన్ను పక్కన పెట్టి, “అయితే ఇన్నాళ్లూ ఈ లైన్ ఎవరు చూస్తున్నట్టు?” అన్నాడు. తర్వాత కాగితాలు సర్దుకుని, మళ్లీ పిలుస్తామన్నాడు. ఇంతవరకు పిలవలేదు. దివాకర్ బీపీ ఎక్కువైందని సిక్ లీవు పెట్టాడు. ఆయన బదులు ఎవరినీ వేయలేదు.

ఆ మరుసటిరోజే కొండ కింద ఇంకో జంపర్ తెగింది. ఎక్కేవాళ్లు లేరు. నేను ఎక్కనన్నాను. అక్కా, ఒట్టు, నేను ఎక్కనని అందరి ముందూ చెప్పాను. మొదట బతిమాలారు. తర్వాత తిట్టారు. నువ్వు నోరు మూసుకొనుంటే దివాకర్ వస్తావుండె గదా అన్నారు. నాయనతో మాట్లాడడం మానేశారు. మన దొడ్డి గేటు ముందు ఎండిన శెనక్కాయ చెట్లు పీకి పడేసి పోయారు. అయినా ఎక్కలేదు. నీ దగ్గరికి వచ్చేద్దామని బట్టలు కూడా సర్దుకున్నాను.

నిన్న పొద్దున నల్లమ్మ వదిన వచ్చింది. గడపలో నిలబడింది. ఆ రోజు తర్వాత నాతో మాట్లాడడం అదే మొదటిసారి.

“చేను ఎండిపోతాండాది” అంది.

నేను సర్దుకున్న బట్టల మూటను పక్కకు జరిపాను.

“ఆ మనిషి దానికోసరమే పోయినాడు. అదీ పోతే ఇంగ ఆయప్ప ఏంటికి పోయినట్ల? ఎక్కు తిప్పేషూ. నేను ఆడ కూసుంటా. నువ్వు వచ్చి వదినా దిగినా అని చెప్పేదాంక ఎవుర్నీ స్విచ్చి ముట్టుకోనీను. కానీ ఈ తూరి నీ పేరే రాయించల్ల. ఎక్కేటోని పేరే ఉండల్ల. ఇంగొకరి పేరు రాస్తే నిన్ను ఎక్కనీను.”

ఇద్దరం సబ్‌స్టేషన్‌కు పోయాం. ఆపరేటరు పుస్తకం తీశాడు. నా పేరు రాయమన్నాను. ఆయన మెల్లగా, “లైన్‌మన్ పేరు తప్ప ఇంగో పేరు రాయకూడదప్పా, నా ఉద్యోగం పోతాది. ఆయప్ప లీవులో ఉన్నా పేరు ఆయప్పదే” అన్నాడు. దివాకర్ పేరు రాసి పుస్తకం నా వైపు తిప్పాడు.

వదిన వరండాలో, స్విచ్చి ఉన్న గది తలుపుకు వీపు ఆనించి కూర్చుని ఉంది. ఆమెకు చదువు రాదు. “ఎవురి పేరు రాసినాడప్పా?” అని అడిగింది.

నా పేరే వదినా అని చెప్పి, తాడు తీసుకుని కొండ దగ్గరికి బయల్దేరాను. నిన్న సాయంత్రం నుంచి ఆమె చేనుకు నీళ్లు పారుతున్నాయి. ఈ రోజు మళ్లీ పిలుపు వచ్చింది. వదిన అప్పుడే పోయి వరండాలో కూర్చుందట.

తిప్పేష్